పదమూడు అని చెక్కొద్దు

కల్లూరులో కూచోని ఇంద్రవెల్లి గురించి రాసేదేంది అని అడిగేవాళ్లు అడుగుతారు. అడగనీ. ఆడికీ ఈడికీ మధ్య తుంగభద్ర ఉంది, కృష్ణ ఉంది, హైదరాబాదు ఉంది, ఇప్పుడు రాష్ట్రం గీత కూడా ఉంది. అయినా రాయి సంగతి వచ్చినప్పుడు ఒక మాట అనే హక్కు మా సీమోళ్లకు ఉందనే అనుకుంటాం.

సంగతి ఇది. 2024 ఫిబ్రవరి 2న తెలంగాణ ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి ఇంద్రవెల్లి వచ్చి, అమరవీరుల స్తూపానికి నివాళి అర్పించి, అక్కడ స్మృతివనానికి శంకుస్థాపన చేశారు. ఏండ్ల తరబడి ఆ రాయి దగ్గరికి పోవాలంటే చెక్‌పోస్టులు దాటాల్సి వచ్చిన జనానికి ఇది చిన్న విషయం కాదు. మేం దాన్ని తక్కువ చెయ్యం. కానీ వనం అనే మాట వినగానే మనకు గుండెలో కొంచెం గుబులు కూడా పుడుతుంది. గడ్డి, ఫెన్సింగు, గేటు, సెల్ఫీ పాయింటు. ఆ వనంలో రాయి మీద ఏం రాస్తారు, ఎవరు రాస్తారు, ఎంతమంది అని రాస్తారు? దీని గురించి మనవాళ్లలో కూడా పెద్దగా చర్చ లేదు. రాసింది చెరపడం ఎంత కష్టమో రాళ్ల మధ్య పుట్టినోళ్లకు తెలుసు.

ముందు మా రాళ్ల గురించి చెప్పనీయండి.

కల్లు అంటే మా దగ్గర తాగేదొక్కటే కాదు. సన్నెకల్లు అంటాం కదా, అందులోని కల్లు రాయే. వీరగల్లు అనే మాటలో ఉన్నదీ అదే. రాయలసీమలో కడప, అనంతపురం, కర్నూలు, చిత్తూరు ఏ పక్క పోయినా ఊరి చివర చెట్టు కింద, చెరువు కట్ట మీద, గుడి వెనక ఒక నిలువు బండ కనిపిస్తుంది. కత్తి పట్టినోడో, విల్లు పట్టినోడో దాని మీద ఉంటాడు. చానా ఊర్లలో వాటికి పసుపు కుంకుమ పెట్టి దేవుడని మొక్కుతారు. దేవుడు కాదు, మనిషే. ఊరి పశువులను ఎవరో తోలుకపోతుంటే అడ్డం పడి సచ్చినోడు. పులితో కొట్లాడి సచ్చినోడు. ఊరి మీదికి వచ్చిన దండును ఆపబోయి సచ్చినోడు.

ఆ రాయి కట్టుబడి చూడండి. పెద్ద వీరగల్లు అయితే మామూలుగా మూడు అరలు ఉంటాయి. కింది అరలో కొట్లాట. అందులో మనిషి ఎట్ల సచ్చినాడో ఉన్నదున్నట్టు చూపిస్తారు. ఆవుల కోసం సచ్చింటే ఆవులుంటాయి, గుర్రం మీద వచ్చినోడు పొడిచింటే గుర్రం ఉంటుంది. నడిమి అరలో అప్సరసలు అతన్ని చెరో రెక్క పట్టుకుని పైకి తీసుకపోతుంటారు. పై అరలో లింగం ముందర కూచోనుంటాడు. అన్నిటికీ పైన సూర్యుడు, చంద్రుడు. అవి రెండూ ఉన్నంతకాలం ఈ మాట ఉంటుందని. చదువు రానోడికి కూడా కింద నుంచి పైకి చూస్తే కథ మొత్తం తెలుస్తుంది. రాత ఉన్న రాళ్లలో మనిషి పేరు ఉంటుంది, ఎవరి కొడుకో ఉంటుంది, ఏ ఊరి కోసం సచ్చినాడో ఉంటుంది. రాజు పేరు కూడా ఉంటుంది లెండి, రాజులు యాడున్నా పేరు దూర్చకుండా ఊరుకోరు. కానీ రాయి నిలబెట్టింది మాత్రం సచ్చినోని పేరు మీద.

ఇంకోటి, ఇదే అసలు ముఖ్యం. చానా సందర్భాల్లో రాయితో పాటు భూమి ఇచ్చేవాళ్లు. కన్నడ శాసనాల్లో దీన్ని నెత్తరు కొడగె అంటారు. నెత్తుటి మాన్యం. సచ్చినోని పెండ్లానికి, బిడ్డలకు తినడానికి ఇంత నేల. రాయి ఒక్కటే నిలబెట్టి దండం పెట్టి వెళ్లిపోవడం ఆ రోజుల్లో ఊరికి మర్యాద కాదు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాం.

మా జిల్లాలో ఇంకో రాయి ఉంది. దాన్ని యుద్ధ స్మారకం అని ఎవరూ అనరు గానీ మా లెక్కలో అదీ అటువంటిదే. గుత్తి, పత్తికొండ మధ్య ఎర్రగుడి బండల మీద అశోకుని శాసనాలున్నాయి. పెద్ద శాసనాలు పద్నాలుగూ ఉన్నాయి. పదమూడోది కళింగ యుద్ధం గురించి. లక్ష మంది హతమైనారు, లక్షన్నర మందిని పట్టుకుపోయినారు, దానికి ఎన్నో రెట్ల మంది తర్వాత సచ్చిపోయినారు, నాకు దుఃఖంగా ఉంది అని రాజు చెప్పుకున్న శాసనం అది. బడి పుస్తకంలో ఇంతవరకే ఉంటుంది. అదే శాసనంలో ఇంకొంచెం ముందుకు పోతే అడవి జనాల గురించి ఒక మాట ఉంది. నా రాజ్యంలోని అటవికులకు కూడా నచ్చజెబుతున్నా, పశ్చాత్తాపం ఉన్నా నా దగ్గర బలం ఉందని వాళ్లు తెలుసుకోవాలి, సిగ్గు తెచ్చుకుని చావు తప్పించుకోవాలి అని దాని సారం. లక్ష మంది చావుకు ఏడ్చిన రాయి మీదనే మనకు బెదిరింపు! రెండు వేల రెండు వందల ఏండ్లు దాటింది. ఎర్రగుడి చూడబోయే పిల్లలకు ఈ ముక్క ఎవరూ చెప్పరు. మీరు పోతే చెప్పండి.

ఇంకొక విశేషం. యుద్ధం జరిగిన కళింగలోనే, ధౌలిలోనూ జౌగడలోనూ, ఈ పదమూడో శాసనం చెక్కించలేదు. దాని బదులు వేరే శాసనాలు పెట్టినారు. మనుషులు సచ్చిన చోట ఎంతమంది సచ్చినారో రాయి మీద ఉండకూడదని రాజ్యానికి అప్పుడే తెలుసు.

ఇప్పుడు ఇంద్రవెల్లి.

1981 ఏప్రిల్ 20, సోమవారం. ఇంద్రవెల్లిలో సంత రోజు. గిరిజన రైతు కూలీ సంఘం ఆ రోజు సభ పెట్టుకుంది. డిమాండ్లు మీకు తెలిసినవే, తాతల నాటివే. భూములకు పట్టాలు, అడవి మీద హక్కు, షావుకార్ల అప్పుల నుంచి విడుదల, గిట్టుబాటు ధర. ఏజెన్సీలో ఆదివాసీ భూమి ఆదివాసీ కానోడికి పోకూడదని 1959లో చట్టం వచ్చింది, 1970లో ఇంకా గట్టిగా సవరించారు. కాగితం మీద గట్టిగా. నేల మీద మాత్రం ఆదిలాబాద్ గోండుల చేన్లు ఒకటొకటిగా చేతులు మారినాయి. 1940ల్లో నిజాం కాలంలో అక్కడ పనిచేసిన హైమన్‌డార్ఫ్ మళ్లీ వచ్చి చూసి, తాను ఇప్పించిన పట్టాల భూములు కూడా ఎట్లా పోయినాయో 1982లో వచ్చిన తన పుస్తకంలో బాధపడుతూ రాసినాడు.

సభకు ముందు అనుమతి ఇచ్చి తర్వాత రద్దు చేసినారు. 144 సెక్షన్ పెట్టినారు. ఆ సంగతి గూడేలకు ఎట్ల తెలుస్తుంది? ఫోన్లున్నాయా, టీవీలున్నాయా? సంతకు వచ్చేటోళ్లు సంతకు వచ్చినారు, సభకు వచ్చేటోళ్లు సభకు వచ్చినారు. దారిలో ఆపినారు, లాఠీలతో కొట్టినారు, కాల్చినారు. ఒక ఆడబిడ్డ మీద పోలీసు చెయ్యి వేసినందుకే గొడవ మొదలైందని అక్కడి జనం చెప్పే మాట. ఒక కానిస్టేబుల్ కూడా చనిపోయినాడు. అప్పుడు ముఖ్యమంత్రి టి. అంజయ్య. ప్రభుత్వం చెప్పిన లెక్క పదమూడు మంది. పౌరహక్కుల వాళ్లు, జనం చెప్పే లెక్క అరవైకి పైనే, వంద దాటిందనే వాళ్లూ ఉన్నారు. గాయాలతో అడవిలోకి పోయినోళ్లు ఆసుపత్రికి రాలేదు. వస్తే కేసు. గూడెంలో సచ్చిపోయినోణ్ణి గూడెంలోనే పూడ్చినారు. ఆ చావులు ఏ రిజిస్టరులోనూ పడవు కదా.

ఈ పదమూడుకీ అరవైకీ మధ్య తేడా లెక్కల తేడా కాదు. నలభై ఏడు మంది, అంతకన్నా ఎక్కువ మంది మనుషులు. ప్రతి ఒక్కరికీ ఒక పేరుంది, ఒక పగిడి ఉంది, ఒక ఊరుంది.

రెండేళ్లకు, 1983లో, సంఘం వాళ్లు జనంతో కలిసి స్తూపం కట్టినారు. ఎర్ర రంగు నిలువు స్తంభం. ఇంద్రవెల్లి పక్కన హీరాపూర్ దగ్గర, దూరం నుంచే కనబడేటట్టు. స్తూపం అనే మాట గురించి ఆలోచిస్తే విచిత్రంగా ఉంటుంది. అమరావతిలో అది బుద్ధుని ధాతువుల మీద కట్టిన గుండ్రటి దిబ్బ. తెలుగు నేల మీద ఎర్రజెండా పార్టీలు దాన్ని తుపాకీ గుండుకు సచ్చినోళ్ల నిలువు స్తంభం చేసినాయి. ఇప్పుడు తెలంగాణలో ఎవరినైనా స్తూపం యాడుంది అని అడిగితే బుద్ధుడు గుర్తుకు రాడు.

1986 మార్చిలో ఆ స్తూపాన్ని రాత్రికి రాత్రి పేల్చేసినారు. డైనమైట్లు పెట్టి. గుర్తు తెలియని వ్యక్తులు అని రాసుకున్నారు. అంత పేలుడు సామాను, అంత ధైర్యం ఉన్న గుర్తు తెలియని వ్యక్తులు ఎవరై ఉంటారో జనం అప్పుడే అనుకున్నారు. ఆదివాసులు ఆందోళన చేస్తే 1987లో ఐటీడీఏ తరపున ప్రభుత్వమే మళ్లీ కట్టించింది. ఇప్పుడు మనం చూసే స్తంభం ఆ రెండోది.

ఇక్కడ ఒక నిమిషం ఆగుదాం. కాల్చింది సర్కారు. స్తూపం మళ్లీ కట్టించింది సర్కారు. ఏప్రిల్ 20 వస్తే ఆ స్తూపం దగ్గరికి ఎవరూ రాకూడదని 144 పెట్టింది సర్కారు. తన ఖర్చుతో కట్టించిన రాయి చుట్టూ తానే పోలీసులను నిలబెట్టిన ప్రభుత్వం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందో లేదో మాకు అనుమానమే. సచ్చిపోయినోళ్ల పెండ్లాలు, బిడ్డలు దొంగల్లాగా తెల్లారకముందే పోయి పూలు పెట్టి వచ్చిన ఏండ్లు ఉన్నాయి. ప్రత్యేక రాష్ట్రం వచ్చినాక కూడా ఆంక్షలు వెంటనే పోలేదు. కట్టడం ఎట్ల ఉండాలి అని ఇంజనీరును అడిగితే పునాది గురించి, ఎత్తు గురించి చెప్తాడు. మనల్ని అడిగితే మొదటిది దారి. ఎవరి అనుమతీ లేకుండా, ఆ రోజున, పగటి పూట, తుడుం కొట్టుకుంటూ పోయే దారి. అది లేకుండా ఎంత పాలరాయి పరిచినా అది స్మారకం కాదు.

రెండోది పేర్లు. దీని మీద కొంచెం ఎక్కువ చెప్పాల.

మొదటి ప్రపంచ యుద్ధం అయిపోయినాక బ్రిటిషోళ్లు మన దేశంలో చానా పల్లెల్లో గోడకు ఒక చిన్న పలక కొట్టించినారు. ఈ ఊరి నుంచి ఇంతమంది మహాయుద్ధానికి పోయినారు, వాళ్లలో ఇంతమంది ప్రాణాలిచ్చినారు. అంతే. పేర్లు లేవు. ఇరాక్‌లో బాస్రా స్మారకం మీద ఇంగ్లీషోళ్లందరి పేర్లూ చెక్కినారు. మనవాళ్లలో ఆఫీసర్ల పేర్లు చెక్కి, మామూలు సిపాయిల సంగతి వచ్చేసరికి ఇంతమంది అని అంకె వేసి వదిలేసినారు. ఇది తప్పేనని, వివక్షేనని వాళ్ల యుద్ధ సమాధుల కమిషనే 2021లో ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. వందేళ్లు పట్టింది. ఆ యుద్ధానికే 1917లో సంతాలీలను, ముండాలను, ఓరాన్లను, నాగాలను కూలి దళాలుగా ఓడలెక్కించి ఫ్రాన్సుకు తీసుకపోయినారు. కందకాలు తవ్వడానికి, మూటలు మోయడానికి. మన ఆదివాసీ యువకుల్లో ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

మన్యంలో చూడండి. 1922 సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాటీలో అల్లూరి దళం చేతిలో చనిపోయిన ఇద్దరు తెల్ల ఆఫీసర్లు స్కాట్ కవర్డ్, హైటర్. వాళ్ల సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి, పేర్లతో. అల్లూరికి కృష్ణదేవిపేటలో సమాధి ఉంది, 2022లో భీమవరంలో ముప్పై అడుగుల కంచు విగ్రహం వచ్చింది. రావాల్సిందే. గాం గంటం దొర, గాం మల్లు దొర పేర్లు కొంతవరకు వినబడతాయి. మల్లు దొర అండమాన్ జైలు చూసి వచ్చి 1952లో లోక్‌సభకు గెలిచినాడు కూడా. మరి ఆ దళంలో నడిచిన కోయలు, కొండదొరలు, బగతలు? బియ్యం మోసినోళ్లు, దారి చూపించినోళ్లు, ఊర్లకు ఊర్లు జరిమానా కట్టినోళ్లు? ఒక్క విగ్రహం వెనకాల ఎంత జనం దాక్కుంటుందో! విగ్రహం మంచిదే, కానీ అది ఎప్పుడూ ఒక్కరి ముఖమే చూపిస్తుంది.

హైదరాబాదులో రెండు కట్టడాలను పక్కపక్కన పెట్టి చూడొచ్చు. గన్ పార్కులో 1969 ఉద్యమ అమరుల స్తూపం. శిల్పి ఎక్కా యాదగిరి రావు. అడుగున నల్లరాయి మీద తుపాకీ గుండ్లు దిగినట్టు తొమ్మిదేసి గుంతలు, అప్పటి తొమ్మిది జిల్లాలకు గుర్తుగా. పైన తొమ్మిది రేకుల పువ్వు. చిన్నదే గానీ చూసినోడికి గుండు దెబ్బ అర్థమైపోతుంది. అదే 2023 జూన్‌లో హుస్సేన్ సాగర్ పక్కన ప్రారంభించిన అమరుల దీపం చూడండి. స్టీలుతో అద్దంలాగా మెరుస్తుంది. మరి పేర్లేవి అని అడిగినవాళ్లు ఆనాడే అడిగినారు. ఇంద్రవెల్లిలో రాబోయేది ఆ రెండింటిలో ఏ దారి పడుతుంది? మెరిసేదానికి టెండర్లు త్వరగా దొరుకుతాయి, అదే మా భయం.

అమెరికా రాజధానిలో వియత్నాం యుద్ధంలో సచ్చినోళ్లకు 1982లో ఒక గోడ కట్టినారు. మాయా లిన్ అనే అమ్మాయి, చదువుకునే పిల్ల, గీసిన డిజైను. విగ్రహం లేదు, స్తంభం లేదు. నేలలోకి కోసినట్టు రెండు నల్లరాతి గోడలు, వాటి మీద యాభై ఎనిమిది వేల పేర్లు. అక్షర క్రమంలో కాదు, సచ్చిపోయిన తేదీ క్రమంలో. ఒకే రోజు పక్కపక్కన పడినోళ్ల పేర్లు గోడ మీదా పక్కపక్కనే ఉంటాయి. నున్నగా చేసిన రాయి కాబట్టి పేరు చదివేటోడికి అందులో తన ముఖం కనిపిస్తుంది. ఆ నల్లరాయి మన బెంగళూరు వైపు నుంచి పోయిందే. (మన రాయి అమెరికా పోయి పేర్లు మోస్తుంది, మన పేర్లు మోసే రాయి మనకు లేదు.) ఆ గోడలోనూ లోపం ఉంది. అమెరికా వాళ్ల పేర్లే ఉన్నాయి, లక్షల్లో సచ్చిన వియత్నాం జనం పేరు ఒక్కటీ లేదు. ఎవరి పేరు రాయాలనేది రాయి పెట్టేవాడి చేతిలో ఉంటుంది. అందుకే రాయి పెట్టేది ఎవరు అనేదే మన ప్రశ్న.

ఇప్పుడు ఇంద్రవెల్లిలో పేర్లు చెక్కాలంటే జాబితా కావాలి. సర్కారు దగ్గర ఉండే జాబితా పదమూడు. ఒక మంచి ఆఫీసరు వచ్చి, మంచి మనసుతోనే, ఆ పదమూడు పేర్లూ గ్రానైటు మీద బంగారు అక్షరాలతో చెక్కించినాడనుకోండి. చేతులెత్తి దండం పెడతాం. అయితే ఆ రోజుతో మిగతావాళ్లు లేకుండా పోతారు. నలభై ఏండ్లుగా పదమూడు కాదు అని మనం చెప్తున్నది నోటి మాట, అది మాత్రం రాతి మాట అవుతుంది. మన మనవళ్లు ఆ రాయిని చదివి పదమూడు అనే చెప్తారు. వికీపీడియాలో పదమూడు, పోటీ పరీక్షలో పదమూడు. కాల్చినోడి లెక్క సచ్చినోళ్ల రాయి మీదికి ఎక్కుతుంది. అందుకే ఈ శీర్షిక పెట్టినాం.

మరి ఏం చెయ్యాల? అరవై అని చెక్కాలా? అదీ వద్దు. అంకె వద్దు. ఊరు ఊరు తిరిగి పేర్లు రాసుకోవాల. ఉట్నూరు, ఇంద్రవెల్లి, నార్నూరు, సిరికొండ, జైనూరు వైపు గూడేల్లో ఆ రోజు పోయి రానోళ్లు ఎవరు, వచ్చినాక ఏడాది లోపల సచ్చినోళ్లు ఎవరు, కాలు చెయ్యి పోయినోళ్లు ఎవరు. పెసా చట్టం 1996 నుంచి ఉంది, గ్రామసభకు తన సంప్రదాయాన్ని కాపాడుకునే అధికారం ఉందని అందులోనే ఉంది. గ్రామసభలో పేరు చదివి, ఊరు ఒప్పుకుని, పటేలు, దేవారి, సర్పంచి సంతకాలు పెట్టిన కాగితం కంటే పెద్ద సాక్ష్యం ఏముంటుంది? అట్ల వచ్చిన పేర్లు చెక్కాల. చెక్కినాక కింద కొంత రాయి ఖాళీగా వదలాల. ఇంకా పేర్లు రావచ్చు అని ఆ ఖాళీయే చెప్పాల. ఖాళీ రాయి కూడా మాట్లాడుతుంది.

అప్పుడు బతికుండి చూసినోళ్లు ఇప్పుడు ముసలోళ్లు. ఆ రోజు ఇరవై ఏండ్లున్న వాళ్లకు ఇప్పుడు అరవై దాటినాయి. కాబట్టి ఇది నిదానంగా చేసే పని కాదు.

రాత ఏ భాషలో అనేది ఇంకో ప్రశ్న. తెలుగు ఉండాల, ఎందుకంటే అందరూ చదవాల. కానీ సచ్చినోళ్లలో చానామంది ఇంట్లో మాట్లాడుకున్నది గోండి. ఇంద్రవెల్లికి దగ్గర్లోనే నార్నూరు మండలం గుంజాల ఊర్లో పాత రాతప్రతులు దొరికి గోండి లిపి బయటపడింది. 2018లో యూనికోడ్‌లోకి కూడా ఎక్కింది. మన ఫోన్లోకి వచ్చిన లిపి మన రాయి మీదికి రాకపోతే ఎట్ల? పేర్లు ముందు గుంజాల గోండి లిపిలో, దాని కింద తెలుగులో. కోలాముల పేర్లుంటే వాళ్లను అడిగి.

ఆకారం గురించి కూడా మన దగ్గర నేర్చుకునేది చానా ఉంది. శ్రీకాకుళం కొండల్లో సవరలు గువార్ చేస్తారు. చనిపోయినోళ్లకు ఒక్కొక్కరికీ ఒక రాయి, ఎనుబోతును కోసి, ఊరి దగ్గర నాటుతారు. చెక్కడం లేదు, రాత లేదు. రాళ్ల గుంపు చూస్తే ఆ ఊర్లో ఎంతమంది పెద్దలు పోయినారో తెలుస్తుంది. వీరుడికే రాయి అని లేదు అక్కడ, మనిషికి రాయి. బస్తర్ మారియా గోండులు నిలువు రాళ్లు, బొమ్మలు చెక్కిన కొయ్య స్తంభాలు నిలబెడతారు. జార్ఖండ్‌లో ముండాలు తాతల నుంచి నాటే రాళ్ల మీదనే 2017, 18లో రాజ్యాంగంలోని అయిదో షెడ్యూలు మాటలు రాసి ఊరి పొలిమేరలో నిలబెట్టినారు. పత్తల్‌గడీ అంటే అదే. రాజ్యాంగం రాసినందుకు రాజద్రోహం కేసులు పెట్టినారు, వేలమంది మీద! కేసులు ఎత్తేస్తామని 2019 చివర్లో కొత్త ప్రభుత్వం వచ్చి చెప్పాల్సి వచ్చింది. రాయి నాటడం మనకు పండగ, వాళ్లకు నేరం.

కాబట్టి ఎర్ర స్తూపాన్ని కదిలించొద్దు అనేది మా మాట. ఒకసారి కూలి మళ్లీ లేచిన రాయి అది, దాని చరిత్ర దానికుంది. రంగు కూడా మార్చొద్దు. దాని చుట్టూ మాత్రం ఊరికో రాయి వచ్చేటట్టు చూడండి. ఆ ఊరోళ్లే తమ ఊరి బండ తెచ్చి, తమ పద్ధతిలో పూజ చేసి నాటుతారు. దాని మీద తమ ఊరి పేర్లు. కాంట్రాక్టరుకు అందులో పెద్దగా మిగలదు, అదీ మంచిదే.

తేదీ సంగతి. జోడేఘాట్‌లో కొమురం భీము వర్ధంతి సర్కారు రికార్డులోని తేదీన చెయ్యరు. ఆశ్వయుజ పున్నమి రోజు చేస్తారు, ఎందుకంటే జనానికి గుర్తున్నది పున్నమి వెన్నెల. 1940లో ఆయన చనిపోయిన తర్వాత ఇన్నేండ్లు దాన్ని కాపాడుకుంది ఆ పన్నెండు ఊర్ల జనమే. మ్యూజియం, విగ్రహం 2016లో వచ్చినాయి. ఇంద్రవెల్లికి మాత్రం ఏప్రిల్ 20 అనే ఇంగ్లీషు తేదీ జనం నోట్లోనే పడిపోయింది. అది అట్లనే ఉండనీ.

ఇంక నెత్తుటి మాన్యం. ఇంద్రవెల్లిలో జనం అడిగింది స్తూపం కాదు. పట్టా. అడిగినందుకు గుండ్లు వచ్చినాయి, గుండ్లకు స్తూపం వచ్చింది, స్తూపానికి ఇప్పుడు వనం వస్తుంది. పట్టా? అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. 2023 జూన్ 30న ఆసిఫాబాద్‌లో మొదలుపెట్టి నాలుగు లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు ఇచ్చినామన్నారు. అందింది అందినట్టే, దాన్ని కాదనం. అందనోళ్లు ఇంకా ఉన్నారు. వనం అంచునే పోడు చేసుకునే వాళ్లను అటవీ శాఖ వెళ్లగొడుతుంటే వనంలో మొక్క నాటి ఫొటో దిగడం ఎవరికి నివాళి? వెయ్యేండ్ల కిందటి సీమ పల్లెటూరికి ఉన్న మర్యాద ఈనాటి ప్రభుత్వానికి ఉండాల కదా. ఆ రోజు సచ్చినోళ్ల కుటుంబాలు ఒక్కొక్కటికీ సాగు భూమి, పట్టాతో, ఆ పేరు రాయి మీదికి ఎక్కే రోజే చేతికివ్వాల. స్మృతివనం ఎస్టిమేట్‌లో ఆ పద్దు ఉందా అని అడగండి.

మా నల్లమల మాట ఒకటి చెప్పి ముగిస్తాం. ఇంద్రవెల్లి కాల్పుల ఏడాదే, 1981లో, శ్రీశైలం డ్యాం నీళ్లు నిండడానికి మా కృష్ణ, తుంగభద్ర ఒడ్డు ఊర్లను ఖాళీ చేయించినారు. లక్ష మందికి అటూ ఇటూగా జనం ఇళ్లు వదిలినారు. మునిగిపోయే గుళ్లను మాత్రం రాయి రాయి విప్పి, నంబర్లు వేసి, వేరే చోట మళ్లీ నిలబెట్టినారు. కూడవెల్లి సంగమేశ్వరుడు అట్లనే అలంపురం చేరినాడు. గుడికి ఒక్క రాయి తప్పిపోకుండా లెక్క ఉంది. మనుషుల్లో ఎవరు యాడికి పోయినారో అంత శ్రద్ధగా లెక్క రాసినోళ్లు లేరు. పైన అడవిలో చెంచులు ఇంకా నిశ్శబ్దంగా, పులుల అభయారణ్యం పేరుతో, పెంట తర్వాత పెంట కిందికి దిగుతున్నారు. తుపాకీ మోత లేని చోట చావులకు స్తూపం ఎవరూ కట్టరు.

ఈ పేజీ చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక పని. ఇంద్రవెల్లి చుట్టుపక్కల ఊర్లోళ్లయితే ఈ వారమే మీ ఊరి పెద్దమనుషుల దగ్గర కూచోండి. అవ్వల దగ్గర ముఖ్యంగా, మగోళ్లు మరిచిపోయినవి వాళ్లకు గుర్తుంటాయి. ఫోన్లో రికార్డు చెయ్యండి, వాళ్లు ఒప్పుకుంటేనే. పేరు, ఇంటిపేరు, ఊరు, ఎవరి బిడ్డ, ఆ రోజు ఏం తెచ్చుకోవడానికి సంతకు పోయినారు. కాగితం మీద రాసి మూడు కాపీలు తీయండి. ఒకటి గ్రామసభకు, ఒకటి ఉట్నూరు ఐటీడీఏకు రసీదుతో, ఒకటి మీ ఇంట్లో. రసీదు మర్చిపోవద్దు. మా సీమలోని చెంచు, యానాది, ఎరుకల, సుగాలి పిల్లలు కూడా మీ పెంటల్లో, తండాల్లో, కాలనీల్లో ఇదే మొదలుపెట్టండి. డ్యాం కింద పోయిన ఊర్ల పేర్లు, అడవి నుంచి దింపిన పెంటల పేర్లు. మాకు పంపితే వచ్చింది వచ్చినట్టు, ఒక్క పేరు కూడా వదలకుండా, ఇక్కడ వేస్తాం.

జై సేవా. జై ఆదివాసీ.